పాత మోతాదు

అమూ నది దిగువన తుర్కమెనుల ఆ పల్లెలో తివాచీ నేయని ఇల్లు లేదు, నల్లమందు ఎరగని మగ్గమూ లేదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా నేలమగ్గం మీద వంగి ముళ్ళు వేసే ఆడవాళ్ళు నడుము నొప్పికి తామింత మింగి, ఒడి దిగని బిడ్డలకు వేలికొనతో ఇంత నాకించడం ముత్తవ్వల నాటి ఆచారం.

అక్‌జెమాల్ దానిని తెంచింది. మందుల గది నర్సు ఆమె పద్నాలుగు నెలల కొడుకు బెగెంచ్‌ను తూచి, "వీడు నిద్రపోవడం లేదమ్మా, మునిగిపోతున్నాడు" అన్న నాడే మానిపించింది.

అత్త బీబిసారా ఒప్పుకోలేదు. "నీ మొగుణ్ణి దీనితోనే పెంచాను. వాడికేమైనా తోక మొలిచిందా?"

"తోక మొలవలేదత్తా. నల్లమందు మాత్ర పడందే మంచం దిగడు, అంతే."

"అబ్బో! ముళ్ళు పడేది తక్కువ, మాటలు పడేది ఎక్కువ."

అయిదు రోజులు బిడ్డ వణికి, చెమర్చి, గొంతు పోయేలా ఏడ్చాడు. ఆరోనాడు తెరిపిన పడ్డాడు. పదోనాడు టీలో నానిన రొట్టె తిని, ఊలు ఉండను తన్ని, కిలకిలా నవ్వాడు. ఆ ఇంట ఆ నవ్వు వినబడడం అదే తొలిసారి. ముసలామె ముఖం తిప్పుకొని నవ్వు దాచుకుంది.

పన్నెండోనాడు పళ్ళు వస్తూ మళ్ళీ ఏడుపు లంకించుకున్నాడు. రొట్టెలు కాల్చడానికి వీధి చివరి పొయ్యికి వెళ్ళిన అక్‌జెమాల్ తిరిగి వచ్చేసరికి ఉయ్యాలలో నిద్రపోతున్నాడు.

"ఎలా ఊరుకోబెట్టావత్తా?"

"నాయనమ్మ చేతి చలవలే."

అక్‌జెమాల్ సంతోషంగా మగ్గమెక్కింది. నాలుగు వరసలు నేసి, ఇనుప దువ్వెనతో దడదడా కొట్టింది. ఉయ్యాలలో కదలిక లేదు. వంగి చూస్తే పెదవులు నీలం.

"ఏం పెట్టావ్?"

"రోజూ పెట్టినంతే! గింజెత్తు ఎక్కువ కాదు. ఏడుపు చూడలేకపోయానే!"

అక్‌జెమాల్ బిడ్డనెత్తుకొని మందుల గదికి పరుగెత్తింది. నర్సు రెప్ప ఎత్తి చూసింది, ఛాతీకి చెవి ఆనించింది, చేతులు దించేసింది. "మానిన ఒంటికి పాత మోతాదే విషమమ్మా. ఆ ముక్క నేను ముందే చెప్పవలసింది."

ఇంటికొచ్చాక బిడ్డకు కడసారి స్నానం చేయించడానికి బీబిసారా చెంబుతో నీళ్ళు తెచ్చింది. కోడలి ముఖంలోకి చూడకుండా అడిగింది:

"పళ్ళ జ్వరమే కదే? చెప్పు. పళ్ళ జ్వరమే కదా?"

అవునంటే ఆ వృద్ధురాలు మిగిలిన నాలుగు రోజులూ కంటినిండా నిద్రపోతుంది. ఆ చేతికి ద్వేషం తెలియదని అక్‌జెమాల్‌కు తెలుసు. కాని ఆడపడుచుకు నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డను లాలించేదీ ఆ చేయే.

"కాదత్తా" అన్నది ఆమె, కొడుకు నుదుటి మీద దోసిటితో నీళ్ళు పోస్తూ. "నువ్వు పెట్టిందే."

ముసలామె చేతిలోని చెంబు నేలమీద పడింది. దాన్ని తీయడానికి ఇద్దరిలో ఎవరూ వంగలేదు.