మునుంలో దిగిన మీసాలు

పుల్లమ్మ కొడుకు పేరు కాటమయ్య. వయసు ఆరు నెలలు. గొంతు మాత్రం ఊరి కావలికానిది.

ఆ రోజు పట్వారి మడిలో నాట్లు. పన్నెండుమంది ఆడవాళ్లు వరుసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుతున్నారు. ఆ వరుసనే మునుం అంటారు. ఒక్కరు లేచిపోయినా నడుమ సందు పడుతుంది. సందు పడితే పట్వారి పెద్దజీతగాడు ఐలేశానికి మీసాలు లేస్తాయి.

"మునుం తెగితే పట్వారి నా తోలు తీస్తడు. పోరగాండ్ల కోసం గెట్టెక్కినామె రేపు పనికి రావొద్దు!" అని పొద్దున్నే చెప్పేశాడు.

నాట్లు ఇంకా పది రోజులున్నాయి. ఆ కూలి గింజలే పుల్లమ్మ ఇంట్లో వానాకాలమంతా వండుకునే గటక. తుమ్మకొమ్మకు పాత చీరతో తొట్టెల కట్టి, కాటమయ్యను అందులో వేసి, "మా అయ్యవు గాదు, పొద్దుగూకేదాక పండుకో" అని బతిమాలి మడిలో దిగింది.

కాటమయ్యకు ఆ ఒప్పందం నచ్చలేదు. ఎండ ఎక్కకముందే రాగం అందుకున్నాడు. పుల్లమ్మకు పాలు చేపుకొచ్చి రవిక తడిసింది.

"అన్నా, జర పాలు తాపి వస్త."

"కదలకు! తొట్టెల ఊపుడు గూడ ఒక పనేనా? నేనూపుత."

ఊపాడు, మోట ఎడ్లను తోలినట్టు. పిల్లవాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఎత్తుకుని "హై, హై" అన్నాడు.

"ఐలిగా, వాడు కోడె గాదురా, పోరడు!" అంది మునుంలో అందరికన్నా పెద్దదైన నాగులమ్మ.

కాటమయ్య ఠక్కున ఏడుపు ఆపాడు. ఎదురుగా ఐలేశం మీసం కనిపించింది. రెండు పిడికిళ్లా పట్టి, కొస నోట్లో పెట్టుకుని చీకాడు. పాలు రాలేదు. బలంగా గుంజాడు.

"సచ్చిన్నే! పుల్లమ్మా, ఇడిపియ్యే!"

"ఎట్ల వస్త అన్నా? గెట్టెక్కితే రేపు పని లేదంటివి." ఎకసెక్కం కాదు, నిజంగా భయమే ఆమెకు.

ఇక చేసేది లేక ఐలేశమే పిల్లవాణ్ణి మీసానికి వేలాడేసుకుని బురదలో దిగాడు. పుల్లమ్మ పిడికిళ్లు విడిపించి కొడుకును చంకనేసుకుంది. రెండు వెంట్రుకలు కాటమయ్య గుప్పిట్లోనే ఉండిపోయాయి. పాలివ్వమని నాగులమ్మ ఆమెను గట్టెక్కించింది.

"మరి గీ సందు?" అన్నాడు ఐలేశం.

నాగులమ్మ నారుకట్ట విసిరింది. "నువ్వే పూడ్చు. పట్వారి నీ తోలే గద తీసేది!"

మగవాడు నాటు వేయడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. ఐలేశం అటూ ఇటూ చూసి, ధోతి ఎగగట్టి వంగాడు. నాగులమ్మ నాట్ల పాట ఎత్తుకుని జోరు పెంచింది. గట్టు మీద పాలిస్తూ పుల్లమ్మ చూసింది: అతని నారు కొంత నీళ్ల మీద తేలుతోంది, కొంత తలకిందులుగా నిలబడింది. ఆమె పకపకా నవ్వేసరికి కాటమయ్య తాగడం ఆపి విసుగ్గా చూశాడు.

పాలిచ్చి వచ్చేసరికి ఐలేశం వంగిన వాడు వంగినట్టే ఉన్నాడు.

"లే అన్నా."

"నడుం లేస్తలేదే!"

నలుగురు మోసుకెళ్లి తుమ్మ నీడన పడేశారు.

పొద్దుగూకింది. పుల్లమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని బెదురుతూ అతని ముందు నిలబడింది.

"రేపు రమ్మంటవా అన్నా?"

"రా."

"పోరడు?"

"వాన్ని గూడ తే. ఏడ్చినప్పుడల్లా గెట్టెక్కి తాపుకో. సందుల నిలవడనీకె మాత్రం ఇంకెవరినన్న చూస్కో తల్లీ!"