నీడకి పడిన డ్యూటీ

కారంపూడి పక్క ఊళ్ళో ఆశా కార్యకర్త వందన పొద్దున్నే పొయ్యి మీద అన్నం పడేసి, మొగుడు బెంజిమిన్‌కి క్యారేజీ కడుతూనే ఆ రోజు పనులన్నీ ఫోన్‌కి చెప్పుకుపోయేది. ఫోన్లో ఉండే ఏఐ సహాయకురాలికి ఆమె పెట్టుకున్న పేరు చెల్లెమ్మ. చెల్లెమ్మ ఆ పనుల్ని వాటాలేసేది. యాప్‌లో ఎక్కించడం, డాక్టరమ్మకి ఫోన్లు చెయ్యడం తనకి. ఇంటింటికీ తిరిగేవాటిలో సగం వందనకి, సగం వందన నీడకి.

నీడ గడప దాటి తన దారిన తను పోయేది. ఐరన్ మాత్రలు పంచేది, పసిపిల్లల్ని తూచేది. వందన నీడొచ్చింది, కుర్చీ వెయ్యండి అనేవాళ్ళు జనం. సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి మాత్రం అది తిరిగొచ్చి వందన కాళ్ళ కింద చేరాలి.

జూన్‌లో నర్సు కోర్సు ప్రవేశ పరీక్ష పడింది. నరసరావుపేటలో, పదింటికి. ఇంటర్‌తో చదువాగి పన్నెండేళ్ళయింది. వయసు లెక్కన వందనకి ఇదే ఆఖరి ఛాన్సు. ఆ పొద్దున బస్సు మెట్టు మీద కాలు పెట్టిందో లేదో ఊళ్ళో అంజమ్మ దగ్గర్నుంచి ఫోను. ఆమె కోడలు సుకన్యకి నెల ముందే నొప్పులొచ్చాయి. తొలి కాన్పులో బిడ్డ పోయినప్పటి నుంచీ ఆ పిల్లకి ఆస్పత్రంటే వణుకు. వందన చెయ్యి పట్టుకుంటే తప్ప కదలనంటోంది.

"ఏం చేద్దామే చెల్లెమ్మా?"

"నువ్వు బస్సెక్కు అక్కా. అంబులెన్సుకి చెప్పేశా. నీడని పంపిస్తున్నా."

"పన్నెండు దాటితేనో?"

"దాటినప్పుడు చూద్దాం. ముందు ఎక్కు."

వందన ఎక్కింది. రోడ్డు పక్కన ఆమె నీడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి ఊళ్ళోకి పరుగెత్తింది.

పరీక్ష హాల్లో ఫోన్ బయటే పెట్టించారు. మూడో ప్రశ్న దగ్గర వందన ఎడమ అరచెయ్యి ఎవరో పట్టి పిసికినట్టు బిగుసుకుంది. తన నీడ చెయ్యిని సుకన్య దొరకబుచ్చుకుందని ఆమెకి అర్థమైంది. ప్రాణం లేచొచ్చింది. నొప్పి నొప్పికీ మధ్య ఎంతసేపో గోడ గడియారం చూసి లెక్కెట్టుకుంది. ఐదు నిమిషాలు. మూడు. రెండు. ఆ సందుల్లోనే చకచకా జవాబులు పెట్టుకుపోయింది. పదకొండూ నలభైకి గోళ్ళు గుచ్చుకున్నంత పని అయింది. అంతలోనే చెయ్యి చప్పున వదులైపోయింది.

మంచికో చెడుకో తెలియలేదు. మిగిలిన పది ప్రశ్నలూ ఎడమ చేతికేసి చూసుకుంటూనే రాసింది. బెల్లు మోగగానే గేటు దగ్గరికి పరుగు.

"ఆడపిల్ల అక్కా. రెండుంబావు కిలోలు. తల్లీబిడ్డా బాగున్నారు," అంది చెల్లెమ్మ. "కాకపోతే పాప నీ నీడ వేలు పట్టుకుని వదలటంలా. నీడ కూడా రానంటోంది."

వందన కాళ్ళ కిందికి చూసుకుంది. మిట్టమధ్యాహ్నపు నేల ఖాళీగా మెరుస్తోంది. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"ఉండనియ్యి," అంది.

సీటు గుంటూరులో వచ్చింది. ఊళ్ళో డ్యూటీ నీడ పేరున రాసుకున్నారు. నెలనెలా మీటింగులో పేరు పిలిస్తే అదే చెయ్యెత్తుతోంది. ఇక్కడ గుంటూరులో తెల్లకోటేసుకున్న వందన, చుట్టూ ఉన్న పిల్లలకంటే పదేళ్ళు పెద్దది, నీడ బరువు లేని కాళ్ళతో రెండేసి మెట్లు ఎక్కి క్లాసులోకి పోతోంది.