ఆఫ్ ఉంది, ఆన్ లేదు

ఏ వస్తువునైనా దాని మానాన దాన్ని బతకనివ్వడం ఆవిడ భర్తకు చేతకాదు. గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే దాని పొట్ట విప్పుతాడు. కుళాయి ఒక్క చుక్క కారిస్తే ఇల్లంతటికీ నీళ్ళు కట్టేస్తాడు. మనిషి లిఫ్టు మెకానిక్. సెలవురోజున కూడా ఆ చేతులకు ఏదో ఒకటి కావాలి. ఏమీ దొరక్కపోతే చెడిపోనిదాన్ని బాగుచేస్తాడు.

అంతటితో ఆగితే ఆవిడ సర్దుకుపోయేదే. లిఫ్టుల కంపెనీలో ఒక రివాజు ఉంది. ఏ యంత్రం మీద చెయ్యి వేసినా ముందు దాని స్విచ్చి ఆపాలి, ఆపిన టైము పుస్తకంలో రాయాలి, పని కాగానే మళ్ళీ వేసిన టైము రాయాలి, చివరి గడిలో కారణం రాయాలి. రాసినదంతా పక్కనున్నవాళ్ళకు పైకి చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. ఆయన ఈ రివాజును ఇంటికి కూడా తెచ్చి, ఫ్రిజ్ పక్కన మేకుకు నల్ల అట్ట పుస్తకం ఒకటి వేలాడదీశాడు. మిక్సీ గిన్నె బిగుసుకుపోతే ‘కారణం: ఇల్లాలు’. బీరువా తలుపు ఊడితే ‘కారణం: చిన్నది’. చిన్నదంటే కాలేజీలో చదివే కూతురు. సంతకాలు కూడా ముద్దాయిలవే. పన్నెండేళ్ళ పుస్తకంలో గాలివాన రెండుసార్లు కారణమైంది, ఎలుక నాలుగుసార్లయింది. ఆయన మాత్రం ఒక్కసారీ కాలేదు.

ఆ రోజు పదకొండు గంటలకు ఆవిడకు ఇంటర్వ్యూ. ఓ ప్రచురణ సంస్థకు ఇంటి నుంచే ప్రూఫులు దిద్దే ఉద్యోగం. డిగ్రీ పట్టా బీరువాలో పెట్టి తాళం వేసిన ఇరవై రెండేళ్ళకు వచ్చిన మొదటి పిలుపు. ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్. వాళ్ళు చూస్తుండగానే ఒక పేజీ దిద్దాలి. టైముకు రాకపోతే తర్వాతివాళ్ళను పిలిచేస్తామని, మరో తేదీ ఉండదని ముందే చెప్పారు.

పదింబావుకు ఆవిడ తల దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తెరిచింది. రాత్రి దాకా నిక్షేపంగా పనిచేసిన వైఫై గుర్తు మీద అడ్డగీత పడి ఉంది.

“ఏమండీ, దీన్ని మీరేమైనా ముట్టుకున్నారా?”

“నేనా? ముట్టుకోలేదు. తుడిచానంతే. ఇంటర్వ్యూ కదా అని బ్రష్షు పెట్టి మూలమూలలా దుమ్ము తీశాను. అద్దంలా ఉంది చూడు.”

“అద్దంలాగే ఉంది. నా మొహం తప్ప ఇంకేమీ కనపడట్లేదు.”

కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. “నా ఫోన్లో వైఫై బ్రహ్మాండంగా వస్తోందమ్మా. రోగం ల్యాప్‌టాప్‌కే.”

“నీకేం తెలుసు? రౌటర్ వేడెక్కింది,” అన్నాడు ఆయన. “ఫోనుకి కాస్త చాలు, ల్యాప్‌టాప్‌కి ఎక్కువ కావాలి. ట్యాంకులో నీళ్ళు తగ్గితే కింది కుళాయికి వస్తాయి, పై కుళాయికి రావు. అలాగన్నమాట.”

“వైఫై కుళాయి కాదు నాన్నా!”

“మీ నాన్నకి అన్నీ కుళాయిలే. కానివ్వండి, తొందరగా,” అంది ఆవిడ.

ఆయన స్టూలెక్కి, అటక మీది రౌటర్ని ఆపి, తుడిచి, మళ్ళీ వేశాడు. పుస్తకం తీసి రాసి, “పది ముప్ఫై ఒకటి, రౌటర్ ఆఫ్. పది ముప్ఫై అయిదు, ఆన్. సంతకం పెట్టు,” అని కూతురి ముందుకు తోశాడు.

“కారణం గడి ఖాళీగా ఉందిగా?”

“తేలాక రాస్తాను.”

ఏమీ తేలలేదు. ల్యాప్‌టాప్‌ని రెండుసార్లు ఆపి వేశారు. ఆయన ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, తమకు ఆయన ఎంత ముఖ్యమో ఒక గొంతు ఎనిమిది నిమిషాలపాటు చెప్పింది. కూతురు తన ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇవ్వబోయింది.

“దీనికి నా ఫోనూ కనపడట్లేదు, పక్కింటివాళ్ళ వైఫై కూడా కనపడట్లేదమ్మా. కళ్ళు మూసుకుని కూర్చుంది.”

“పోనీ నీ ఫోన్లోనే మాట్లాడితే?”

“మాట్లాడొచ్చు. ఇంత చిన్న తెరమీద పేజీ ఎలా దిద్దుతావ్?”

పదీ నలభై ఎనిమిది. ఆవిడకు ఇక జోకులు రావడం లేదు. నెల రోజులుగా పాత పత్రికలు ముందేసుకుని ఎర్ర పెన్నుతో చేసిన సాధనంతా వృథా అయ్యేలా ఉంది. భర్త మాత్రం గోడకు ఆనుకుని, ఫోన్ చేసిన టైము కూడా పుస్తకంలో ఎక్కిస్తున్నాడు.

అది చూడగానే ఆవిడకు చురుక్కుమంది. “ఇలా ఇవ్వండి,” అని పుస్తకం లాక్కుంది.

తప్పులు పట్టడంలో ఆవిడ నేర్చుకున్న మొదటి కిటుకు, జంటలు చూసుకోవడం. తెరిచిన బ్రాకెట్ ఎక్కడో ఒకచోట మూసుకోవాలి. ఆఫ్‌కి ఆన్ ఉండాలి. వేలు పెట్టి కిందినుంచి పైకి జరుపుతూ పోయింది. రౌటర్, ఆఫ్, ఆన్. ఫ్యాన్, ఆఫ్, ఆన్. ఆ పైన, ముత్యాల్లాంటి అక్షరాలతో, ‘ఉదయం 6.40. ల్యాప్‌టాప్ శుభ్రం. ముందు అంచు కింద చిన్న మీట. ఆఫ్.’

ఆ పక్క గడి తెల్లగా ఉంది.

ఆవిడ ల్యాప్‌టాప్ ముందు అంచు కింద గోరు పెట్టి తడిమింది. పాత మోడల్, వైఫైకి విడిగా బియ్యపుగింజంత మీట ఉంది. నాలుగేళ్ళు దాన్ని వాడి తల్లికిచ్చిన కూతురికే ఆ సంగతి తెలియదు. టిక్కున జరిపింది. అడ్డగీత మాయమైంది. పదీ యాభై ఆరు.

“మీట కనపడితే ఆపాలి. అది రూలు,” అన్నాడు ఆయన, ఎవరూ అడక్కుండానే.

“ఆపినవాళ్ళు వెయ్యాలన్నది రూలు కాదా నాన్నా?”

“మధ్యలో మీ అమ్మ కాఫీకి పిలిచింది!”

“అయితే ‘కారణం: కాఫీ’ అని రాసుకోండి,” అంది ఆవిడ.

“కాఫీ పెట్టిందెవరు?”

“తీరిగ్గా తేల్చుకోండి. నేను వచ్చాక వింటాను,” అని ఆవిడ గది తలుపు వేసుకుంది.

తెరమీద ఓ పెద్ద సంపాదకుడు, పక్కన కుర్రదనం పోని సహాయకురాలు. పేజీలో వాళ్ళు కావాలని పెట్టిన తప్పులు పన్నెండు. ఆవిడ పదమూడు పట్టింది. పదమూడోదాన్ని చూసి పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“చివరి ప్రశ్నమ్మా. కొందరు రచయితలు తప్పు చూపించినా ఒప్పుకోరు. అలాంటివాళ్ళతో ఎలా వేగుతారు?”

“నేనేమీ అననండీ. వాళ్ళు రాసింది వాళ్ళ చేతికే ఇచ్చి, పైకి చదవమంటాను.”

“పనిచేస్తుందా?”

“ఇంకాసేపట్లో తెలుస్తుంది.”

పెద్దాయనకు అర్థం కాకపోయినా నవ్వు వచ్చింది. సోమవారం మొదటి పుస్తకం పంపిస్తామన్నాడు.

ఆవిడ తలుపు తీసేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కారణం గడిలో ‘కాఫీ’ కొట్టేసి ఉంది, ‘మీట మరీ చిన్నది’ కూడా కొట్టేసి ఉంది. వాటి కింద ఇంకేదో ఉంది, దాన్ని బొటనవేలితో కప్పుకున్నాడు. కూతురు చేతులు కట్టుకుని కాపలా కాస్తోంది.

“ఉద్యోగం వచ్చింది,” అంది ఆవిడ.

ఆయన మొహం వెలిగిపోయింది. “చూశావా! నేను తుడిచిన చేతి చలవ!”

“అవునవును. ఇక చదవండి.”

“సంతకం పెట్టేయరాదూ, చదవడం దేనికి?”

“రూలు నాన్నా,” అంది కూతురు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఉదయం ఆరు నలభై, మీట ఆఫ్. పది యాభై ఆరు, మీట ఆన్. కారణం...” ఫ్రిజ్ వైపు చూశాడు. ఎలుక ఏదైనా ఆదుకుంటుందేమోనని ఆ కిందికి కూడా చూశాడు. ఏదీ రాలేదు. “కారణం, నేను.”

“వినపడలేదండీ.”

“నేనే!” అన్నాడు ఆయన, పదో అంతస్తు దగ్గర లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు వినిపించేంత గట్టిగా. “తప్పు నాదే!”