నాలుగు దిక్కులా కుట్టిన పరదా

అబ్దుల్ వాహెద్ వేసిన కుట్టు ఊడదని గౌలిపురలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ అతనికే తెలుసు. పెళ్ళిళ్ళకు షామియానాలు, డేరాలు కుట్టడం అతని పని. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో గాలికి జనానా పరదా ముడి ఊడి, లోపలున్న ఆడవాళ్ళంతా మగవాళ్ళ కంటబడ్డారు. ఆ ఇంటి పెద్దలు వాహెద్‌ను నిలబెట్టి కడిగేశారు. ఆనాటినుంచి అతను జనానా పరదాలకు ముళ్ళు వేయడం మానేసి, అంచులన్నీ జంట దారంతో కుట్టేయడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషికి పడవ పిచ్చి పట్టింది. ఒక నవాబుగారి దేవిడీలో కొత్తగా మోటారు కారు కొని, దానికోసం గుర్రాలశాల ఖాళీ చేయించారు. మూలన పడివున్న చిన్న తెరచాప పడవను ఎవరైనా తీసుకుపొమ్మన్నారు. వాహెద్ మారుమాట్లాడకుండా ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చి వాకిట్లో దింపాడు. అడుగు చెక్కలు చెదలు తినేశాయి. తెరచాప కొయ్య నడుమ విరిగింది. లోపల కోడి గుడ్లు పెట్టింది.

అతని తల్లి జహీరా బీ ఆ పడవను చేత్తో తడిమి చూసింది. ఆమె కళ్ళలో మోతిబిందు పొర కమ్ముకొస్తోంది. మీరాలం చెరువు పక్కనుంచి ఎన్నోసార్లు పోయింది గానీ, చుట్టూ గుడ్డ కట్టిన టాంగాలోంచి చూసేది ఎంత?

"కండ్లు పోకముందు ఒక్కసారి నీళ్ళ నడుమ కూసోవాలె బేటా," అంది.

అంతే, వాహెద్‌కు తిండి మీద ధ్యాస పోయింది. వీధి చివరి వడ్రంగి రామలింగాన్ని పట్టుకొచ్చాడు. రామలింగం పుచ్చిన చెక్కలు తీసి టేకు చెక్కలు వేశాడు, కొత్త కొయ్య చెక్కాడు. ఇద్దరూ కలిసి నూనెలో గుగ్గిలం కాచి, అందులో దూది ముంచి, చెక్కల సందుల్లో కుక్కారు. రామలింగం వచ్చినప్పుడల్లా జహీరా బీ తలుపు పరదా వెనక్కి వెళ్ళిపోయేది. వెళ్ళి ఊరుకునేదా? అక్కడినుంచే దూది సరిగా కుక్కలేదని ఇద్దరికీ చీవాట్లు పెట్టేది.

వానలు తగ్గాక వాహెద్, రామలింగం పడవను చెరువులో రెండుమూడుసార్లు తిప్పి చూశారు. చెప్పినట్టు విన్నది. ఇక జహీరా బీ షరతు ఒక్కటే మిగిలింది.

"పరదా లేకుంటే రాను. గాలికి గూడ లేవొద్దు."

గాలికి లేవని పరదా కుట్టడం వాహెద్‌కు చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది? పడవను మళ్ళీ వాకిట్లోకి చేర్చి, దాని నడుమ మనిషెత్తు వెదురు చట్రం నిలబెట్టి, చుట్టూ, పైనా మందపాటి డేరా గుడ్డ వేశాడు. చూడటానికి ఇటొకటి అటొకటి జాలీ కిటికీలు పెట్టాడు. తెరచాప దానికి తగలకుండా ఇంకాస్త పైకి జరిపాడు. వాకిలికి నాలుగువైపులా ఎత్తు గోడలు. ఆ గోడల మధ్య పరదా అంగుళం కూడా కదల్లేదు. రామలింగం చూసి, "మహల్ లెక్క ఉన్నది వాహెద్ భాయ్," అన్నాడు.

అనుకున్న రోజున జహీరా బీ ఆకువక్కల పాన్‌దాన్ ఒళ్ళో పెట్టుకుని పరదా లోపల కూర్చుంది. వాహెద్ ఆఖరి అంచు కూడా కుట్టేసి, సూది టోపీకి గుచ్చుకుని, చుక్కాని పట్టుకున్నాడు. రామలింగం ఒడ్డునుంచి పడవను నెట్టాడు.

చెరువు నడుమకు చేరేదాకా అంతా బాగానే ఉంది. "నీళ్ళు గింత వెలుగుంటయా," అని లోపల తల్లి మురిసిపోతోంది. ఇంతలో పక్కనుంచి గాలి లేచింది. పడవ ఒరిగింది. వాహెద్ భయపడలేదు, తాడు వదిలి తెరచాప దించేశాడు.

పడవ ఆగలేదు.

తెరచాప కాళ్ళ దగ్గర కుప్పగా పడి ఉంది. అయినా పడవ పరుగెడుతోంది, ఇంకా ఒరుగుతోంది. వాహెద్ నోరు తెరుచుకుని చూశాడు. పరదా పొట్ట ఉబ్బించుకుని గాలినంతా పట్టుకుంది. తాను పడవకు రెండో తెరచాప కుట్టాడు, అదీ దించడానికి వీల్లేనిది.

"అమ్మీ, పరదా తియ్యి," అన్నాడు.

"యాడ తియ్యాలె రా? నాలుగు దిక్కులా కుట్టేస్తివి గద."

అంచు మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి. చుక్కాని వదిలితే పడవ తిరగబడుతుంది. తిరగబడితే లోపల ఆమె గోనెసంచిలో కట్టేసినట్టే. ఊడకూడదని కుట్టిన తన చేతులే అతనికి రోత పుట్టించాయి.

అప్పుడు పరదా కింది అంచున ఏదో తళుక్కుమంది. అడకత్తెర. పాన్‌దాన్‌లోని అడకత్తెరతో జహీరా బీ దారాన్ని పటుక్కుపటుక్కున తెంపుతోంది. జీవితమంతా వక్కలు కత్తిరించిన చెయ్యి అది. ఒక మూల విడిపోయింది. గాలి కిందినుంచి దూరి పరదాను పైకి లేపింది. వెదురు చట్రం ఫెళ్ళున విరిగి, గుడ్డతో సహా నీళ్ళలో పడింది. మిగిలిన మూడు వైపులా కుట్టు మాత్రం ఊడలేదు.

పడవ లేచి నిలబడింది. చీలమండల దాకా నీళ్ళు, నీళ్ళ మీద తమలపాకులు. నడుమ జహీరా బీ, జుట్టు చెదిరి, మొహం మీద పగటి వెలుగు పడుతుండగా, అడకత్తెర పిడికిట్లో బిగించి కూర్చుంది.

"బతికుండంగనే నాకు కఫన్ కుట్టినవ్ రా వాహెదూ," అంది.

అతను చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి, మొహం కప్పుకొమ్మని చాచాడు. ఒడ్డున జనం ఉన్నారు కదా. అటు చూసి చెయ్యి చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు.

రామలింగం చెరువుకు వీపు తిప్పి నిలబడ్డాడు. బట్టలుతికేవాళ్ళను, చేపలవాళ్ళను కూడా అలాగే తిప్పి నిలబెట్టాడు. ఒడ్డు పొడుగునా ఒక్క మొహం లేదు, అన్నీ వీపులే.

జహీరా బీ కళ్ళు చికిలించి అటు చూసింది. తర్వాత తువ్వాలును పక్కకు నెట్టింది.

"వాళ్ళను గట్లనే నిలబడమను," అంది. "నేనింకా నీళ్ళు చూడలే."