సాంబారు పడని ఇడ్లీ

టిఫిను కొట్ల యజమానులారా, పంది పిల్లల నోటికాడి కూడు పాడుచేస్తున్నది మీరే! మిగిలిన ఇడ్లీల మీద సాంబారు కుమ్మరించి పారబోస్తారు. ఎవరూ వచ్చి అడగకూడదనే కదా ఈ అలవాటు? మాధవరంలో టిఫిను కొట్టు నడిపే ఆనందన్ కూడా మొన్నటిదాకా ఇదే పని చేశాడు.

ఆయన కొట్టు వెనక వీధిలో కలైవాణి పందులు పెంచుతుంది. తొమ్మిది పిల్లలు తల్లి పాలు మానిన వారానికే ఊళ్లోకి మొక్కజొన్న దాణా రావడం ఆగిపోయింది. పిల్లల పక్కటెముకలు తేలాయి.

పశువుల డాక్టరు ఇంద్రజ వచ్చి చూసింది. "మొక్కజొన్నకు బదులు ఇడ్లీలు ఎండబెట్టి పొడిచేసి పెట్టు. బలానికి ఆ పిండి చాలు. చేపపొడి, వేరుశనగ చెక్క మాత్రం మానొద్దు" అంది.

కలైవాణి ఆనందన్ చెత్త డబ్బాలోని ఇడ్లీలు తెచ్చింది. నాలుగు నీళ్లలో కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, దంచి పెట్టింది. కడిగితే సాంబారు పోతుందనుకుంది. లోపలికి దిగిన ఉప్పూ కారమూ పోతాయా? మర్నాటికి తొమ్మిదింటికీ విరేచనాలు. ఇంద్రజ మందు పోసి నిలబెట్టింది. దాణా మాత్రం ఇంకా రాలేదు.

కలైవాణి అన్నిటికన్నా చిన్న పంది పిల్లను చంకనెత్తుకుని కొట్టు ముందు నిలబడింది.

"అన్నా, సాంబారు పొయ్యకముందే ఇడ్లీలు ఇయ్యి."

"నా ఇడ్లీ పందికా? ఈడ తినేవాళ్లు ఏమనుకుంటారమ్మా?"

"చెత్తకుప్పలో పోస్తే గొప్పగా ఉండాదా? నీ సాంబారు తిని ఇది మూడు దినాలు లెయ్యలేదు!"

బెంచీ మీదివాళ్లు గొల్లుమన్నారు. "మేం దినామూ తింటా ఉండాం కదమ్మా, మా గతేంది?"

ఆనందన్ మొహం ఎర్రబడింది. లోపలికి పోయి తెల్లటి ఇడ్లీ తెచ్చి, చిదిమి, పిల్ల మూతి దగ్గర పెట్టాడు. పిల్ల గుటుక్కున మింగి, ఆయన వేళ్లు కూడా నాకింది.

"చూడండబ్బా! నా ఇడ్లీకి ఏం వంక?"

"ఇడ్లీకి ఏం లేదన్నా. వంకంతా సాంబారుకే!"

ఈసారి ఆనందన్ కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నమే సాంబారు పడని ఇడ్లీల కోసం మూత ఉన్న బకెట్టు ఒకటి పక్కన పెట్టాడు. నెల తిరిగేసరికి తొమ్మిది పిల్లలూ దొడ్డి తలుపును ముట్టెలతో ఎత్తేస్తున్నాయి. ఆయన రోజూ వచ్చి "మన పిలకాయలు తిన్నారా?" అని అడిగి పోతున్నాడు.

మరి మిగతా కొట్లవాళ్లు? ఎంగిలి కాని ఇడ్లీలకు మూత ఉన్న బకెట్టు వేరే పెట్టండి. సాంబారు గరిటె దాని దగ్గరికి రానివ్వకండి. రేపు కాదు, ఈ మధ్యాహ్నమే!