తేరు వెళ్ళిన వీధి

జక్కయ్య పోయి ఇరవై ఏళ్ళు దాటాక, శౌరమ్మకు మొగుడి కళ్ళు గుర్తుకు రావడం మానేశాయి. ఎంత తలుచుకున్నా రావు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోటో. పోయిన రోజున ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టాలంతా చుట్టూ నిలబడి తీయించుకున్నది. అందరూ కెమెరా వైపే చూస్తున్నారు, ఆయన తప్ప.

పంతొమ్మిదివందల డెబ్బై ఆరులో ఆ ఫోటోని పెద్దది చేయించమని కొడుకు పోరితే, గవర్నర్‌పేటలో బసవపున్నయ్య స్టూడియోకి పట్టుకెళ్ళింది.

"దానికేముంది పిన్నిగారూ, బ్రష్షుతో కళ్ళు తెరిపిస్తాను. అందరికీ చేసేదేగా" అన్నాడతను.

"ఎవరి కళ్ళు పెడతావయ్యా? నీవా?" అని కస్సుమంది శౌరమ్మ. "మీ నాయన ఏటేటా ఈ అరుగు మీంచి చర్చి పండగకి మరియమ్మ తేరుని ఫోటో తీసేవాడు. అందులో మా ఆయన ఉంటాడు. ఆ పెట్టె తియ్యి."

అటక మీంచి పెట్టె దిగింది. కొత్త ఫోటోలు పైన, పాతవి అడుగున. ఆవిడ ఒక్కోటీ తీస్తుంటే వీధి మెల్లగా వెనక్కి నడవసాగింది. ముందు ఎదుటి లాడ్జి మాయమై, తాము ఎప్పుడో అమ్ముకున్న పెంకుటిల్లు లేచింది. ఇంకాస్త లోపలికి పోతే పెంకులు పోయి తాటాకు వచ్చింది. సిటీ బస్సు జట్కా అయింది. కరెంటు స్తంభాలు నేలలోకి దిగిపోయాయి. గోడల మీద సినిమా బొమ్మలు చెరిగి పిడకలు మొలిచాయి. ఆ పిడకల వాసన కూడా వచ్చిందావిడకు, ఒట్టు! అబ్బ, అప్పట్లో ఆకాశం ఎంత ఉండేది!

జక్కయ్య బతికున్న ఏళ్ళు వచ్చాయి. తేరు మోసేవాళ్ళలో ముందు కర్ర ఎప్పుడూ ఆయన భుజానిదే. కానీ బరువుకి తల వంచేసేవాడు, పైగా తలగుడ్డ. ఒకదాంట్లో భుజం, ఒకదాంట్లో కాళ్ళు.

"మొహం ఎత్తవయ్యా, నీకు పుణ్యముంటుంది" అని గొణిగింది. పెట్టె అడుగు కనిపించసాగింది.

ఆఖరి ఫోటోలో తేరు వాళ్ళ గుమ్మం ముందే దిగింది. ఇంటివాళ్ళు కొవ్వొత్తి వెలిగించేదాకా తేరు కదలకపోవడం ఆ వీధి రివాజు. తాటాకు చూరు కింద కొత్తపెళ్ళికూతురు శౌరమ్మ, ఆరిపోయిన కొవ్వొత్తితో మూతి ముడుచుకుని నిలబడి ఉంది. ఆమె వైపు జక్కయ్య మొహమెత్తాడు.

కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"అయ్యో, రెప్ప పడిందండీ" అన్నాడు బసవపున్నయ్య, తప్పు తన తండ్రిదే అయినట్టు.

శౌరమ్మ ఫోటోని వెలుతురుకి తిప్పి చూసింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు వత్తుకుంది.

"రెప్ప కాదు నాయనా, నవ్వుతున్నాడు. నవ్వితే కళ్ళు కనపడేవి కావు ఈ మనిషికి. నన్ను చూస్తే చాలు, నవ్వేవాడు. ఇంక నాకెట్టా గుర్తుంటయ్యి!"