బసమ్మ ఎడమ కాలు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎమ్మిగనూరు సగం నిద్రలో ఉంటుంది. ఆ వేళ శివలీలకు తన పాత పాటలు ఎండలో దుమ్ముతో పాటు తేలుతూ కిటికీ దాకా వచ్చి వెళ్ళిపోతున్నట్టుంటుంది. ముప్పై ఏళ్ళు బెంగళూరు హోటళ్ళలో జాజ్ పాడిన మనిషి మరి. జాజ్ అంటే ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఇంగ్లీషు పాటల శివలీల అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

గొంతుకు ఆపరేషన్ అయ్యాక పాట పోయింది. మాట మిగిలింది, అదీ సగం గాలి. అమ్మ బసమ్మ దగ్గరికి వచ్చేసి, ముందు గదిలో కీబోర్డు పెట్టుకొని పిల్లలకు సంగీతం చెబుతోంది. వాళ్ళలో యామిని ఒక్కతే జాజ్ కావాలంది. మంచి గొంతు. కానీ ప్రతి మాటా బడిగంట కొట్టినట్టు ఠంచనుగా తాళం మీదే పడుతుంది. జాజ్‌లో మాట తాళానికి కాస్త వెనక, బద్ధకంగా దిగాలి. ఆ బద్ధకం లేకపోతే మిగతాదంతా దండగ.

"వెనకంటే ఎంత వెనక మేడమ్?" అని అడిగింది యామిని.

 పాడి చూపిద్దామంటే శివలీలకు గొంతు లేదు. పాటలో ఆ బద్ధకపు నడక ఆమెకు ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఈ పిల్లకు అందకపోతే తన పాట తనతోనే పోతుందని ఆమెకు నిజంగా భయమేసింది.

ఆ భయంలోనే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని గమనించింది. పొద్దున్నుంచీ వెనక గదిలో ఆడిన అమ్మ మగ్గం, యామిని పాట మొదలుపెట్టగానే ఆగిపోయింది. రోజూ ఆగుతుంది. అమ్మ కునుకు తీస్తోందనుకునేది ఇన్నాళ్ళూ.

వెనక గదిలోకి వెళ్ళి చూస్తే బసమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని, చేతులు ఒళ్ళో వేసుకొని కూర్చుని ఉంది.

"పండుకోలేదా మా?"

"పగటి పూట నాకు నిద్ర యాడిది?"

"మరి నేయవేమి?"

"పిల్ల పాడుతాండాది గదా."

"పాడితే?"

బసమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చిన్నప్పుడే జబ్బు చేసి ఆమె ఎడమ కాలు సన్నబడింది. మగ్గం కింద కుడి చెక్కను చటుక్కున తొక్కుతుంది, ఎడమ చెక్కను ఆలస్యంగా.

"నీకు చేసింది చాల్లే," అంది. "చిన్నప్పుడు పాట అయ్యవారు నిన్ను కొట్టె గదా, తాళానికి వెనకపడతావని. నా కుంటి కాలు శబ్దం వినీ వినీ నీకా రోగం అంటుకునింది. ఆ పొద్దుకాడ్నుంచి ఎవురన్నా పాడుతాంటే నేను తొక్కను."

శివలీల గుంట అంచున కూర్చుంది. ఈ నడక ఏ ఊళ్ళో నేర్చుకున్నావని బెంగళూరులో వాద్యగాళ్ళు ఎన్నోసార్లు అడిగారు. నవ్వేసి ఊరుకునేది. ఇన్నేళ్ళూ అమ్మ దాన్నే తన తప్పనుకొని మోస్తూ తిరిగింది.

"ఆ రోగంతోనే నేను అన్నం తింటి మా. జనం చప్పట్లు కొట్టింది దానికే."

"నన్ను సముదాయించొద్దు లీలా."

"సముదాయింపు కాదు. ఈ పూట నేయి. నా కోసరం."

బసమ్మ కూతురి మొహం చూసింది. తర్వాత కుడి కాలు తొక్కింది. నూలు మోసే నాడె అటు పోయింది. కాస్త ఆగి, ఎడమ కాలు.

శివలీల నడిమి తలుపు బార్లా తెరిచి, పాడమన్నట్టు యామినికి సైగ చేసింది. పిల్ల మొదట తడబడింది. మగ్గం శబ్దం ముందు గదిని మెల్లగా నింపింది. రెండోసారి ఎత్తుకున్నప్పుడు పాట తొందర మానుకొని, తాళం వెనకాలే నిద్రకళ్ళతో నడిచింది. శివలీలకు తన గొంతే పక్క గదిలో ఉన్నట్టనిపించింది.

బసమ్మ చెవి ఒగ్గింది.

"అయ్యో, ఈ పిల్లకూ అంటుకునె గదే," అంది.

కాలు మాత్రం ఆపలేదు.